ఒకే తప్పుకు ఇన్ని మాటలెందుకు?

కంప్యూటర్‌కి మూఢనమ్మకాలు లేవు. దానితో పనిచేసేవాళ్లకి మాత్రం బోలెడు. ప్రోగ్రామ్ ఆగిపోతే కొందరు మిషన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. కొందరు అంతా తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. కారణం మాత్రం వెతకరు. ఇందులో తప్పంతా వాళ్లదేనా? కారణం చెప్పాల్సిన ఎర్రర్ మెసేజిదీ కాదా?

నేను రక్షణశాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. చదివింది బీకాం. ఇప్పుడు పైథాన్ నేర్చుకుంటున్నాను. 1991లో గీడో వాన్ రోసమ్ విడుదల చేసిన భాష ఇది. ఇందులో ఖాళీ లిస్ట్ నుంచి ఒక అంశం తీయమంటే "పాప్ ఫ్రమ్ ఎంప్టీ లిస్ట్" అంటుంది. ఖాళీ సెట్ అయితే "పాప్ ఫ్రమ్ యాన్ ఎంప్టీ సెట్" అంటుంది. ఆ "యాన్" ఎందుకొచ్చింది? మొదటిది ఇండెక్స్ ఎర్రర్, రెండోది కీ ఎర్రర్. సెట్‌లో వరుస సంఖ్యలుండవు కాబట్టి పేరు మార్చారంటే ఒప్పుకుంటాను. వాక్యం మార్చడానికి ఏం కారణం ఉంది?

ఇంకొకటి చూడండి. మూడు అంశాలున్న లిస్ట్‌లో పదోది అడిగితే, సంఖ్య హద్దు దాటిందంటుంది గానీ ఏ సంఖ్యో చెప్పదు. డిక్షనరీలో లేని పేరు అడిగితే, ఆ పేరు చూపిస్తుంది గానీ దానికేమైందో వాక్యంలో చెప్పదు. ఒకటి నేరం చెప్పి ముద్దాయిని దాస్తే, రెండోది ముద్దాయిని చూపించి నేరం దాస్తుంది.

ఆడిట్ అభ్యంతరంలో ఏ వోచరు, ఎంత మొత్తం, ఏ రూలుకు విరుద్ధం అన్నవి మూడూ ఉండాలి. "బిల్లు సరిగా లేదు" అని మాత్రమే రాసి తిప్పి పంపితే, బిల్లు పెట్టినవాడు రూలు పుస్తకం తెరవడు, పైరవీకి బయల్దేరతాడు. కారణం తెలియని చోటే తాయెత్తులకు గిరాకీ.

మాటలు మారిస్తే, పాత మాటల్ని నమ్ముకున్న ప్రోగ్రాములు చెడిపోతాయని కొందరంటారు. ఎర్రర్ మెసేజిలోని మాటలు హామీ కావని, వాటి మీద ఆధారపడవద్దని పైథాన్ అధికారిక పత్రాల్లోనే ఉంది. ప్రోగ్రామ్ చూడాల్సింది ఎర్రర్ రకాన్ని. మాటలు మనుషుల కోసం. పైగా మార్చడం సాధ్యమేనని వాళ్లే చూపించారు. 2021లో వచ్చిన 3.10 వెర్షన్‌లో, కోలన్ మరిచిపోతే ఉత్త "ఇన్‌వాలిడ్ సింటాక్స్" అనడం మాని, ఇక్కడ కోలన్ ఉండాలి అని చెప్పడం మొదలుపెట్టారు. అదే శ్రద్ధ లైబ్రరీ అంతటా ఎందుకుండకూడదు?

తెలుగు మీడియంలో చదివి వచ్చిన కుర్రవాడి సంగతి ఆలోచించండి. అతను ఆ ఇంగ్లీషు వాక్యాల్ని ఆకారం చూసి గుర్తుపడతాడు. ఆకారం మారితే అర్థం కూడా మారిందేమో అనుకుంటాడు. అలా అనుకోవడం తర్కమే! తర్కం లేనిది ఆ మెసేజిలో.

కొత్త మెసేజి రాసేవాళ్లు పక్కనున్న పాతవాటిని ఒకసారి చదవాలి. ఏం జరిగింది, ఏ విలువతో జరిగింది, ఏది ఉండాలి అన్న మూడూ ఒకే వరుసలో చెప్పాలి. "ఎందుకు?" అని అడగమని పిల్లలకు మనమే నేర్పుతున్నాం. వాళ్లు అడిగినప్పుడు అర్థమయ్యే జవాబు ఇవ్వడం కూడా మన బాధ్యతే.