గాయం ఒంటి మీద, రుజువు కాగితం మీద

యుద్ధానికి వెళ్ళి గాయపడిన మనిషి, ఇంటికొచ్చిన ముప్పై నలభై ఏళ్ళకి ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుంటుంది. "ఫలానా రోజున, ఫలానా చోట నాకు దెబ్బ తగిలింది. మీ రికార్డులో అది లేదు. రికార్డు సరిదిద్ది నాకు రావలసిన పతకం ఇవ్వండి" అని. కొన్ని నెలలు గడిచాక జవాబొస్తుంది. "మీరు చెప్పినదానికి రికార్డులో ఆధారం లేదు" అని. రికార్డు తప్పని మొరపెట్టుకున్న మనిషికి ఆ రికార్డునే సాక్ష్యంగా చూపించి తలుపు మూస్తారు. అమెరికా సైన్యంలో ఇలాంటి అర్జీలు కొత్త కాదు. వాటిలో ఆడవాళ్ళవీ ఉన్నాయి, మగవాళ్ళవీ ఉన్నాయి.

ఎక్కడో అమెరికాలో ఒక పతకం గొడవ మనకెందుకు అని చదువరులు అడగవచ్చు. యుద్ధాలనే వద్దంటున్న మనం యుద్ధ పతకాల గురించి మాట్లాడడమేమిటని కూడా అనవచ్చు. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

ఆ పతకం పేరు పర్పుల్ హార్ట్. 1782లో జార్జి వాషింగ్టన్ ప్రవేశపెట్టిన ఒక గుర్తింపు చిహ్నాన్ని 1932లో తిరిగి బతికించి ఈ పతకంగా చేశారు. శత్రువు చర్య వల్ల గాయపడిన వారికీ చనిపోయిన వారికీ ఇస్తారు. దానికి సైన్యం అడిగేవి ముఖ్యంగా మూడు. గాయం శత్రువు చర్య వల్లనే తగిలి ఉండాలి. ఆ గాయానికి వైద్యం అవసరమై ఉండాలి. ఆ వైద్యం సంగతి అధికారికంగా రికార్డులోకి ఎక్కి ఉండాలి. మొదటి రెండూ ఒంటికి సంబంధించినవి. మూడోది కాగితానికి సంబంధించినది. అర్జీలు చాలావరకూ తన్నుకునేది ఈ మూడోదాని దగ్గరే.

ఈ పతకం ఉత్త అలంకారం కాదు. అది ఉన్నవారికి మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ముందు వరసలో చోటు దొరుకుతుంది. 2001 సెప్టెంబరు 11 తర్వాతి సేవకు ఈ పతకం పొందినవారికి ఎంతకాలం పనిచేశారన్న లెక్క లేకుండా పూర్తి చదువు సాయం అందేలా 2017లో చట్టం చేశారు. అంటే రికార్డులో ఒక వాక్యం లేకపోతే పోయేది గౌరవం ఒక్కటే కాదు, వైద్యమూ చదువూ కూడా.

రికార్డు తప్పుగా ఉంటే సరిదిద్దడానికి అక్కడ బోర్డులున్నాయి. 1946 నాటి చట్టంతో మొదలైన ఏర్పాటు అది. నిర్ణయం చేసేది యూనిఫాం వేసుకున్న అధికారులు కాదు, సైనికేతరులు. తప్పు తెలిసిన మూడేళ్ళలోపు అర్జీ పెట్టాలి. న్యాయం కోసం అవసరమనుకుంటే ఆ గడువు దాటినా బోర్డు ఒప్పుకోవచ్చు. వినడానికి బాగానే ఉంది. కానీ బోర్డు పని మొదలుపెట్టేదే రికార్డు సరైనదేనన్న నమ్మకంతో. అది తప్పని నిరూపించే బరువంతా అర్జీ పెట్టిన మనిషి మీదే. ఆనాటి క్షతగాత్రుల జాబితాలో పేరుందా, ఆసుపత్రి చీటీ ఉందా, పక్కనున్న సైనికుల వాంగ్మూలాలున్నాయా అని చూస్తారు. పెన్షన్లిచ్చే శాఖ డాక్టర్లు "ఈ మనిషికి గాయం వల్ల వైకల్యం ఉంది" అని తేల్చి చెప్పినా, పతకానికి అది ఒక్కటే సరిపోదు.

పైగా ఆ కాగితాలు దాచవలసింది ఎవరు? ప్రభుత్వమే. 1973 జులై 12న సెయింట్ లూయీ నగరంలో సైనికుల ఫైళ్ళు దాచే కేంద్రం తగలబడింది. కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల దాకా ఫైళ్ళు బూడిదయ్యాయి. 1912కీ 1960కీ మధ్య సైన్యం నుంచి బయటికొచ్చిన వారి ఫైళ్ళలో దాదాపు 80 శాతం పోయాయి. వాటికి నకళ్ళు కూడా లేవు. ఫైలు పోగొట్టింది ప్రభుత్వం, ఆ లోటు పూడ్చుకోవలసింది మాత్రం గాయపడినవాడు.

ఇక ఆడవాళ్ళ సంగతి. వాళ్ళు యుద్ధంలో ఉన్నారని ఒప్పుకోవడమే పెద్ద గండం. బియాట్రిస్ మెక్‌డొనాల్డ్ అనే నర్సు 1917లో బెల్జియంలో గాయపడినవారికి వైద్యం చేస్తూ, విమానాల దాడిలో ఒక కన్ను పోగొట్టుకుంది. ఆమెకు పర్పుల్ హార్ట్ వచ్చింది 1936లో. అయినా ఆ పతకం అందుకున్న మొదటి స్త్రీగా చాలాకాలం ఆనీ ఫాక్స్ పేరే చెప్పుకునేవారు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన రోజు హికమ్ ఫీల్డ్ ఆసుపత్రిలో ఆమె ప్రధాన నర్సు. ఆమెకు 1942లో ఆ పతకం ఇచ్చారు. గాయం ఉంటేనే ఇవ్వాలని తర్వాత నిబంధన బిగించి, 1944లో దాని బదులు వేరే పతకం ఇచ్చారు. వియత్నాంలో షరాన్ లేన్ అనే నర్సు 1969 జూన్ 8న చూ లాయ్ ఆసుపత్రిలో రాకెట్ దాడికి చనిపోయింది. వాషింగ్టన్‌లోని వియత్నాం స్మారక గోడ మీద ఉన్న ఎనిమిదిమంది స్త్రీల పేర్లలో ఆమెది ఒకటి. ఆ యుద్ధంలో పనిచేసిన స్త్రీల కోసం విడిగా ఒక స్మారకం కావాలని ఏళ్ళ తరబడి అడిగితే, చివరికి 1993లో వచ్చింది.

ఆ తర్వాతి కథ ఇంకా విడ్డూరం. 1994లో అమెరికా రక్షణ శాఖ ఒక నిబంధన పెట్టింది. నేల మీద నేరుగా పోరాడే దళాల్లోకి స్త్రీలను నియమించకూడదన్నది దాని సారం. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాలొచ్చేసరికి ఇళ్ళు సోదా చేయడానికీ, అక్కడి ఆడవాళ్ళతో మాట్లాడడానికీ స్త్రీలు కావలసి వచ్చారు. మరి నిబంధన మాటేమిటి? ఒక మాట మార్చారు. ఆ స్త్రీలను దళంలోకి 'నియమించలేదు', తాత్కాలికంగా 'జతచేశాం' అన్నారు. మగ సైనికుల పక్కనే నడిచారు, అవే బాంబుల మధ్య తిరిగారు. కాగితం మీద మాత్రం వాళ్ళు వేరే విభాగంలో ఉన్నారు. దెబ్బలు తిని వచ్చి ఆసుపత్రిలో ఆ సంగతి చెబితే, "ఆడవాళ్ళు పోరాటంలో లేరు కదా" అన్న మాట విన్నవాళ్ళున్నారు. ఆ నిషేధం 2013లో ఎత్తేశారు. అప్పటిదాకా రాసిన కాగితాలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

కంటికి కనబడని గాయాలది ఇంకో బాధ. బాంబు పేలుడు అదటుకి మెదడు దెబ్బతింటే రక్తం కారదు. 2020 జనవరిలో ఇరాక్‌లోని అల్ అసద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు పడ్డాయి. మావాళ్ళెవరికీ ఏమీ కాలేదని అమెరికా ప్రభుత్వం మొదట ప్రకటించింది. తర్వాత వందమందికి పైగా మెదడు దెబ్బతిన్నట్టు తేలింది. తలనొప్పులని విన్నానని అధ్యక్షుడు ట్రంప్ తేలిగ్గా మాట్లాడాడు. మొదట 29 మందికి పతకాలిచ్చారు. పతకం దక్కనివారి గోడు బయటికొచ్చాక, 2021 డిసెంబరులో మరో 39 మందికి ఇచ్చారు. ఆ 39 మందివీ మొదటినుంచీ గాయాలే. మధ్యలో మారింది వాళ్ళ ఒళ్ళు కాదు, చూసేవాళ్ళ చూపు.

యుద్ధం వల్ల మనసుకు తగిలిన గాయానికి ఈ పతకం ఇవ్వబోమని 2009లోనే తేల్చారు. తోటి సైనికుడు చేసిన అత్యాచారానికైతే ఆ ప్రశ్నే రాదు. నిబంధనలో ఉన్నది 'శత్రువు' అన్న మాట. ఇంట్లోవాడు శత్రువు కాడన్న లెక్క మనకు బాగా తెలిసినదే.

కట్టుదిట్టంగా ఉండకపోతే అబద్ధపు అర్జీలు వచ్చిపడతాయని అధికారులంటారు. ఆ భయం పూర్తిగా ఉత్తది కాదు. దొంగ పతకాలు తగిలించుకు తిరిగినవాళ్ళు అక్కడా ఉన్నారు. నిజంగా గాయపడినవారు కూడా అందుకే కచ్చితమైన నిబంధన కోరతారు. కానీ కచ్చితంగా ఉండడం వేరు, కాగితం లేనిదే నోరెత్తవద్దనడం వేరు. దీనికి దారి ఆ ప్రభుత్వమే ఒకచోట వేసుకుంది. మానసిక గాయం, మెదడు దెబ్బ, లైంగిక హింస కారణంగా మచ్చతో సైన్యం నుంచి బయటికి పంపబడినవారు ఆ మచ్చ చెరిపేయమని ఇవే బోర్డులకు అర్జీ పెట్టుకుంటారు. అలాంటి కేసుల్లో బాధితుల నోటి మాట ఒక్కటే అయినా సాక్ష్యంగా సరిపోవచ్చునని 2017లో రక్షణ శాఖ ఆదేశాలిచ్చింది. అక్కడ నమ్మదగిన నోరు పతకం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పనికిరాకుండా పోతుంది? రికార్డు తగలబడినచోట, నిబంధనే మనిషిని కాగితం నుంచి తప్పించినచోట, రుజువు బరువు ప్రభుత్వం మోయాలి. నా అభిప్రాయం ఇదే.

యుద్ధాన్ని వ్యతిరేకించే మనం ఈ మాట అనవచ్చా? అనాలనే నా ఉద్దేశం. యుద్ధం ఎంతమంది ఒళ్ళు పాడుచేసిందో లెక్క తెలియకపోతే యుద్ధాన్ని ప్రశ్నించడం కూడా కష్టమే. గాయాలను లెక్కలోకి రానివ్వకపోవడం యుద్ధం చేసేవారికే లాభం. ఆ యుద్ధంలో బాంబుల కింద నలిగిన ఇరాకీ, అఫ్ఘాన్, వియత్నాం స్త్రీల గాయాలకు అర్జీ పెట్టుకోవడానికి ఏ బోర్డూ లేదన్నది కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి.

ఇక మన సంగతి. మన కోర్టుల్లో 'వూండ్ సర్టిఫికెట్' అనే కాగితం తెలియని కార్యకర్త ఉండదు. భర్త కొడితే చెయ్యి విరిగిన మనిషిని ఆసుపత్రికి తీసుకొస్తారు. పక్కన అత్తగారో, కొట్టినవాడో నిలబడి ఉంటారు. డాక్టరు "ఎలా తగిలింది?" అంటాడు. "బాత్‌రూంలో జారిపడ్డానండీ" అంటుంది. అదే రాస్తారు. రెండేళ్ళ తర్వాత ధైర్యం చేసి కేసు పెడితే, అవతలి ప్లీడరు ఆ కాగితమే తీసి చూపిస్తాడు. "జారిపడ్డానని మీరే చెప్పారు కదమ్మా" అంటాడు. అమెరికా బోర్డు జవాబుకీ దీనికీ తేడా ఏముంది? భయం రాయించిన కాగితం ఆమె నోరు మూయిస్తుంది.

అందుకని మనం చేయగలిగినవి చేద్దాం. దెబ్బ తిన్న స్త్రీతో ఆసుపత్రికి మనలో ఒకరైనా వెళ్ళాలి. ఇంటివాళ్ళను బయట ఉంచి ఆమెతో విడిగా మాట్లాడమని డాక్టరును అడగాలి. ఎవరు, ఎప్పుడు, దేనితో కొట్టారో ఆమె మాటల్లోనే రాయించాలి. మెడికో లీగల్ కేసు నంబరు రాసి ఉంచుకోవాలి. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం ఆమె అడిగితే ఏ ఆసుపత్రీ వైద్యం లేదనకూడదు. ఈ సంగతి నర్సులకూ వార్డు సిబ్బందికీ తెలియజెప్పాలి. ఆ రోజు నిజం చెప్పలేకపోయిన స్త్రీ తర్వాత చెప్పిన మాటను, ఎందుకు చెప్పలేకపోయిందో అర్థం చేసుకుని వినమని కోర్టులనూ పోలీసులనూ అడగాలి.

రాయించగలిగింది ఆనాడే రాయిద్దాం. రాయించలేనిదాన్ని జరగలేదని ఎవరన్నా ఒప్పుకోవద్దు.