ఎత్తు పెంచారు సరే.. వణుకు సంగతేంటి?

బళ్లారి, హోస్పేట మొదలుకొని హోసూరు, జయపురం దాకా పాత జీపులు, జిప్సీలు కొత్త వేషం కడుతున్నాయి. పొడవాటి షాకిళ్లు వేసి బండి ఎత్తు పెంచుతున్నారు. లావాటి టైర్లు, ముందు ఇనుప బంపర్ బిగిస్తున్నారు. చూడ్డానికి దర్జాగానే ఉంటుంది. తీరా గంటకు 60, 70 కిలోమీటర్ల వేగంలో ఓ గుంటో, వంతెన అతుకో తగిలిందంటే ముందు చక్రాలు రెండూ పూనకం వచ్చినట్టు ఊగిపోతాయి. స్టీరింగ్ చేతుల్లోంచి లాగేసుకుంటుంది. బండి దాదాపు నిలబడేదాకా ఆ ఊపు ఆగదు. దీన్నే 'డెత్ వాబుల్' అంటున్నారు. కొరాపుట్ నుంచి సుంకి మీదుగా సాలూరు వైపు ఘాట్ దిగే బండికి ఆ ఊపు వస్తే, దానికి ఆ పేరెందుకు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు.

బండిని గ్యారేజీకి తీసుకెళితే చాలాచోట్ల వచ్చే జవాబు ఒక్కటే. 'స్టీరింగ్ డ్యాంపర్ పోయింది సార్, కొత్తది వేసేస్తాం' అంటారు. వేస్తారు. నెలో, రెండు నెలలో బాగానే ఉంటుంది. తర్వాత వణుకు మళ్లీ మొదలు. ఈసారి ఇంకా లావు డ్యాంపర్ వేయమంటారు. ఇది వైద్యం కాదు. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర వేసి పంపడం లాంటిది. డ్యాంపర్ ఊపును కాసేపు అణచిపెడుతుంది, అంతే. ఊపు పుట్టిన చోటు లోపల అలాగే ఉండి, రోజురోజుకూ అరిగిపోతుంటుంది.

అసలు జరిగేదేంటి?

పాత మహీంద్రా జీపుల్లోనూ, 1985లో వచ్చిన మారుతి జిప్సీలోనూ ముందు యాక్సిల్ ఒకటే దూలం. ఎడమ చక్రానికి తగిలిన దెబ్బ టై రాడ్ మీదుగా కుడి చక్రానికి, అక్కణ్నుంచి మళ్లీ ఎడమకు వెళుతుంది. కీళ్లన్నీ బిగువుగా ఉంటే ఆ దెబ్బ అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఎక్కడో ఒకచోట వదులు ఉంటే, ఉయ్యాలను వేళకు తోసినట్టు ప్రతి తిరుగుడుకూ ఊపు పెరుగుతూ పోతుంది. టైరు ఎంత బరువైతే ఊపు అంత మొండిది.

దీనికి ఎత్తు పెంచడం తోడవుతుంది. స్టీరింగ్ వదిలినా చక్రాలు వాటంతట అవే తిన్నగా రావడానికి కింగ్ పిన్‌ను కాస్త వెనక్కి వాల్చి పెడతారు. ఆ వాలునే కాస్టర్ అంటారు. పాత విల్లీస్ జీపుకు కంపెనీ ఇచ్చింది మూడు డిగ్రీలే. ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ముందు కమాన్ పొడవు సుమారు మూడడుగులు. షాకిల్ ముందు కొసన ఉన్న బండికి రెండంగుళాలు ఎక్కువ పొడవున్న షాకిల్ వేస్తే ఆ కొస రెండంగుళాలు దిగుతుంది. యాక్సిల్ దాదాపు మూడు డిగ్రీలు ముందుకు తిరుగుతుంది. అంటే కంపెనీ ఇచ్చిన వాలు మొత్తం పోయినట్టే. రెండు ఇనుప పలకలతో వచ్చిన ఎత్తు, తిన్నగా నడిచే గుణాన్నే మింగేసింది. కమాన్ కింద సరైన కొలత ఉక్కు చీలికలు పెట్టి ఆ వాలును తిరిగి తేవచ్చు. కానీ బిల్లు తగ్గించుకోవడానికి ముందుగా వదిలేసేది ఆ చీలికలనే.

వెతకడానికో వరుస ఉంది

ముందుగా ఏ వణుకో తేల్చుకోవాలి. గుంట తగలకుండానే, ఒకే వేగం దగ్గర సన్నగా వణికి, వేగం మారగానే తగ్గితే అది చాలావరకు వీల్ బ్యాలెన్సింగ్ సమస్య. రిమ్ము వంగిందేమో, టైరు గుండ్రం తప్పిందేమో చూసుకోవాలి. దెబ్బ తగలగానే మొదలై, ఆగేదాకా వదలకపోతేనే పెద్ద జబ్బు.

డబ్బు ఖర్చు కాని పరీక్షలతో మొదలుపెట్టాలి. టైర్లలో గాలి సరిచూడాలి. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి చూడాలి. వీలైతే ఎవరి బండివైనా కంపెనీ సైజు టైర్లు ఒక్కపూట అడిగి తెచ్చి వేసి చూడాలి. తేడా తెలిసిపోతుంది.

తర్వాత బండిని నేలమీదే నిలిపి, ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతుంటే, మరొకరు కింద ఒక్కో కీలు మీద చెయ్యి పెట్టి చూడాలి. టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింకు, స్టీరింగ్ బాక్సు, అది ఛాసిస్‌కు బిగించిన బోల్టులు, కమాన్ బుష్‌లు, షాకిల్ బుష్‌లు, యూ బోల్టులు.. ఏదీ వదలకూడదు. కంటికి కనపడని లూజు చేతికి తెలుస్తుంది. బోల్టు రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయి ఉంటే కొత్త బోల్టు వేసినా లాభం లేదు. ఆ రంధ్రాన్నే బాగుచేయాలి.

ఆపైన ముందు చక్రాన్ని జాకీపై లేపి, కింద దిమ్మె పెట్టి, పైనా కిందా పట్టుకుని ఊపాలి. లూజు ఉంటే ఒకరిని బ్రేకు తొక్కమనాలి. తొక్కగానే లూజు పోతే వీల్ బేరింగ్ అని అర్థం. అప్పటికీ పోకపోతే కింగ్ పిన్. జిప్సీలో ఎక్కువగా అనుమానించాల్సింది దీన్నే. టై రాడ్ విప్పి, స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగితే కింగ్ పిన్ బేరింగ్ ఎంత బిగువుగా ఉందో తెలుస్తుంది. కంపెనీ పుస్తకంలోని అంకెతో పోల్చుకుని షిమ్ములు తీయాలి. బేరింగే అరిగిపోతే మార్చాలి. అన్నీ అయ్యాక కాస్టర్, టో-ఇన్ కొలిపించాలి. డ్యాంపర్ జోలికి వెళ్లాల్సింది ఆ తర్వాతే.

2020లో వచ్చిన కొత్త థార్‌కు ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి. దాని వణుకుకు ఈ లెక్కలన్నీ సరిపోవు. అక్కడ బ్యాలెన్సింగ్, బాల్ జాయింట్లు, ఆర్మ్ బుష్‌లు చూడాలి. జీప్ ర్యాంగ్లర్‌కు మాత్రం ఇప్పటికీ ముందు దూలం యాక్సిలే. దానికి కమాన్ పట్టీల బదులు కాయిల్ స్ప్రింగులు, యాక్సిల్‌ను పక్కకు జరక్కుండా పట్టే ట్రాక్ బార్ ఉంటాయి. ఆ బార్ బోల్టులు, బుష్‌లు మొదట చూడాలి.

'అమెరికాలో 2019లో కంపెనీయే ర్యాంగ్లర్లకు కొత్త డ్యాంపర్లు ఇచ్చింది కదా' అని వాదించేవాళ్లున్నారు. నిజమే. కానీ అవి కొత్త బండ్లు. చలిలో డ్యాంపర్ సరిగా పనిచేయడం లేదని కంపెనీ తేల్చింది. ముప్పై ఏళ్ల కింగ్ పిన్‌తో తిరుగుతున్న మన జిప్సీకి ఆ ఉదాహరణ వర్తించదు.

బాధ్యత ఎవరిది?

తోటల్లో, అడవి దారుల్లో తిరిగేవారికి ఎత్తున్న బండి అవసరమే. కాదనడం లేదు. కానీ చట్టం సంగతీ తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా దగ్గరా పేచీ వస్తుంది. ఓ రాష్ట్రంలో రిజిస్ట్రేషన్, మరో రాష్ట్రంలో తిరుగుడు అయిన మన సరిహద్దువాసులకు ఆ పేచీ రెట్టింపు తిరుగుళ్లు తెచ్చిపెడుతుంది.

ఎత్తు పెంచి డబ్బు తీసుకునే గ్యారేజీ, కాస్టర్ కొలిచిన కాగితం కూడా చేతికివ్వాలి. మార్చిన పాత సామాను చూపించాలి. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగించేటప్పుడు అధికారులు చక్రం లేపి, ఊపి చూడాలి. దానికి యంత్రమేమీ అక్కర్లేదు, ఒక జాకీ చాలు. గ్యారేజీల్లో పని నేర్చుకునే మన కుర్రాళ్లకు ఈ పరీక్షల వరుసను తెలుగులోనో, కన్నడంలోనో, ఒడియాలోనో, తమిళంలోనో గోడమీద అంటిస్తే సగం పని అయినట్టే. కంపెనీ పుస్తకం ఇంగ్లిష్‌లో ఉండి, అది చదవలేని చేతులు స్పానర్ పడుతున్నంతకాలం డ్యాంపర్ల వ్యాపారమే నడుస్తుంది.

ఈలోగా దారిలో ఆ ఊపు వస్తే కంగారుపడి బ్రేకు గట్టిగా తొక్కొద్దు. యాక్సిలరేటర్ వదిలేయండి. స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకోండి గానీ దాంతో కుస్తీ పట్టకండి. బొటనవేళ్లు చువ్వల మధ్య ఉంటే విరుగుతాయి, బయట పెట్టండి. వేగం తగ్గుతుండగా ఎడమకు తీసి ఆపండి. ఒక్కసారి వచ్చి పోయింది కదా అని మళ్లీ అదే బండిలో పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరకండి. ఆ ఒక్క ఊపుకే మంచి కీళ్లు కూడా దెబ్బతిని ఉండొచ్చు. ముందు జాకీ తీయండి.