కేలరీలు సరిపోయాయి, మరి రక్తం సంగతి?



పోలీస్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్న మన తమ్ముళ్ళు కొందరు ఫోన్లో కేలరీల యాప్ పెట్టుకుంటున్నారు. పొద్దున్నే 1600 మీటర్లు పరుగెత్తి వచ్చి బిస్కెట్ ప్యాకెట్టు, టీ. యాప్‌లో నంబరు పడింది, పని అయిపోయింది. ఇంట్లో అమ్మ కాచిన చోడి అంబలి ఆ యాప్‌లో దొరకదట, అందుకని మానేశారట! నవ్వాలో ఏడవాలో తెలీదు.

నంబరు అబద్ధం అనడం లేదు. బరువు తగ్గాలన్నా పెరగాలన్నా ఎంత తింటున్నామో చూసుకోవాల్సిందే. పోడు పని చేసేవాళ్ళకి కడుపు నిండాల్సిందే. కానీ కేలరీ అంటే పొయ్యిలో కట్టె ఎంత వేడి ఇస్తుందన్న లెక్క మాత్రమే. ఎముకకి ఏం అందింది, రక్తానికి ఏం అందింది అన్నది అందులో ఉండదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికే తీయండి. 100 గ్రాముల పాలిష్ బియ్యానికి 345 కేలరీలు, చోళ్ళకి 328. యాప్ లెక్కలో బియ్యానిదే కాస్త పైచేయి. అదే కాల్షియం చూస్తే బియ్యంలో 10 మిల్లీగ్రాములు, చోళ్ళలో 344.

ఈ నంబరు పిచ్చి తమ్ముళ్ళతో మొదలవలేదు. 1979లో ప్రణాళికా సంఘం టాస్క్‌ఫోర్స్ పేదరికాన్ని కేలరీలతో కొలిచింది: పల్లెలో రోజుకి 2400, పట్నంలో 2100. బడిలో మధ్యాహ్న భోజనానికి ప్రైమరీ పిల్లలకి 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్ అని నిబంధన. మొదటి అంకె ఎవరైనా నింపేస్తారు, ఇంకో గరిటె అన్నం వేస్తే చాలు. ఆ మాటకొస్తే 100 గ్రాముల బిస్కెట్లు కూడా ఇంచుమించు నింపేస్తాయి. రెండో అంకెకే పప్పు కావాలి, గుడ్డు కావాలి. డబ్బులు ఖర్చయ్యేది అక్కడే, కోత పడేదీ అక్కడే. గిన్నె అడుగు కనిపించే పప్పు మనలో ఎవరు తినలేదు చెప్పండి? తనిఖీ రోజు మాత్రం అదే పప్పు చిక్కబడుతుంది!

2013 ఆహార భద్రతా చట్టంలో ముతక ధాన్యాలు కిలో రూపాయికి అని రాశారు. మీ ఊరి డిపోలో ఎన్ని నెలలు ఇచ్చారో అడిగి చూడండి. మరలో పట్టి తవుడంతా తీసేసిన బియ్యంలోనే ఐరన్ గింజలు కలిపి ఇస్తూ వచ్చారు. కొండ మీద పండే సామలు, కొర్రలు మాత్రం సంతలో షావుకారు చెప్పిన రేటుకి పోతున్నాయి. పట్నంలో అవే ప్యాకెట్టులోకి ఎక్కి ‘హెల్త్ ఫుడ్’ అవుతాయి.

మన తాతల తిండంతా అమృతం అని నేను అనను. వానాకాలం గింజలు అయిపోయి, టెంక అంబలితో నెట్టుకొచ్చిన ఇళ్ళు మనవే. రక్తం తక్కువ ఉన్న ప్రతి ఒక్కరికీ తిండే కారణమనీ అనను. మన గూడేల్లో సికిల్ సెల్ ఉంది, పరీక్ష చేయించుకోకుండా ఐరన్ మాత్రలు మింగొద్దు. కానీ పరీక్షలో సికిల్ సెల్ లేదని తేలాక కూడా హాస్టల్ చెల్లెళ్ళకి రక్తం తక్కువ ఉందంటే, ముందు చూడాల్సింది వాళ్ళ కంచమే.

అందుకే ఈసారి ఐటీడీఏ పీవో గారికి ఇచ్చే మెమోరాండంలో ‘కడుపు నిండా భోజనం పెట్టాలి’ అని రాయొద్దు, అన్నంతో నింపేసి పెట్టామంటారు. వారానికి రెండు పూటలు చోళ్ళో సామలో వండాలని రాయండి. వాటిని జీసీసీ మన రైతుల దగ్గరే కొనాలని రాయండి. తలకి ఎన్ని గ్రాముల పప్పు వేశారో, గుడ్డు ఏ రోజు పెట్టారో రోజూ వంటశాల బోర్డు మీద రాయాలని, ఆ లెక్క మీద పిల్లల కమిటీ సంతకం ఉండాలని కూడా రాయండి.