అడవిపై గురియు పాదరసము

వానకంటె నిర్మలమైన జలము లేదనియు, మనుష్యసంచారము లేని యరణ్యముకంటె పరిశుద్ధమైన చోటు లేదనియు మనము నమ్ముచుందుము. ఈ రెండు నమ్మకములును దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున భంగపడినవి.

ఆ దేశపు ఆగ్నేయభాగమున మాద్రె దె దియోస్ అను ప్రాంతము గలదు. అచటి నదుల యిసుకలో బంగారపు రేణువులున్నవి. వానిని గ్రహించుటకై బీదజనులు ఇసుకలో పాదరసమును గలుపుదురు. అది బంగారముతో గూడి ముద్దయగును. ఆ ముద్దను నిప్పుపై కాచినచో పాదరసము ఆవిరియై పోవును; బంగారము మిగులును. ఆ యావిరి యెచటికి పోవుచున్నది?

2022వ సంవత్సరమున ప్రకటింపబడిన యొక పరిశోధన దీనికి ఉత్తరమిచ్చినది. గాలిలోని పాదరసము కొంత ధూళితో గూడి ఆకులకు అంటుకొనును. కొంత ఆకుల సూక్ష్మరంధ్రములగుండ లోనికి బోవును. వాన గురియగా పైనున్నది కడుగబడి నేలకు దిగును. ఆకు రాలగా లోనున్నదియు నేలజేరును. అందుచేతనే గనులకు చేరువనున్న లాస్ అమిగోస్ అను రక్షితారణ్యమున చెట్లక్రింద బడిన పాదరసము, చెట్లు నరికిన బయలున బడినదానికంటె మిక్కిలి హెచ్చుగ నుండెను. అచటి పక్షులయందును అది హెచ్చుగ గానవచ్చెను.

“అడవి విషమును మ్రింగి లోకమునకు మేలే చేయుచున్నది గదా” యని కొందరనవచ్చును. ఈ వాదము నాకు సమ్మతము గాదు. అడవిని నరికినను కాల్చినను ఆ విషము మరల వెలువడును. నీటజేరినచో సూక్ష్మజీవులు దానిని మరింత ఘోరమైన విషముగ మార్చును. అది చేపలద్వారా మనుజుని జేరును. 1956లో జపానునందలి మినమాటలో బయల్పడిన వ్యాధి అట్టి విషముగల చేపలను దినుటవలన గలిగినదే.

కావున అడవిచుట్టు కంచె కట్టిన చాలదు. ఆవిరి కంచెను లెక్కచేయదు. దానిని పొయ్యివద్దనే ఆపవలయును. మూసిన పాత్రలో కాచి, ఆవిరిని చల్లార్చి, పాదరసమును మరల బట్టుకొను సాధనములు గలవు. పాదరసము లేకయే బంగారము దీయు పద్ధతులును గలవు. 2017లో అమలులోనికి వచ్చిన మినమాట ఒడంబడికలో మనదేశమును జేరియున్నది. అయినను కేవలము శాసనముచే బీదవానికి పాత్ర లభింపదు; దానికగు వ్యయమును బంగారమువలన లాభము పొందువారు భరింపవలయును.

పెండ్లికిని పండుగకును బంగారము గోరు తల్లిదండ్రులారా, రేపు కొనబోవు విద్యార్థులారా! ఈ నగ యెచటినుండి వచ్చినది, దీనికొరకు ఏ యడవిపై నేమి కురిసినది అని యడుగుడు. కొనువాడు అడుగనిచో అమ్మువాడు చెప్పడు.