సరైన సమయానికి మూలమేది?

పుదుచ్చేరి: పట్టణంలో గడియారాలు మధ్యాహ్నం పన్నెండు గంటలు చూపుతున్నప్పుడు స్థానిక సగటు సౌర కాలం 11 గంటల 49 నిమిషాలే. భారత ప్రామాణిక కాలమానాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా లెక్కించడమే ఇందుకు కారణం. ఆ రేఖకు చేరువలో ఉన్న యానాంలో ఈ తేడా సుమారు ఒక నిమిషం మాత్రమే.

చేతి గడియారంలోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఉష్ణోగ్రత మారితే ఈ లెక్క స్వల్పంగా తప్పి, నెలకు కొన్ని సెకన్ల తేడా వస్తుంది. సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు నెట్‌వర్క్ ద్వారా అందే సమయంతో ఈ తేడాను సరిదిద్దుకుంటాయి. ఆ సమయానికి అంతిమ ప్రమాణం అణు గడియారం. అందులో సీజియం పరమాణువు వెలువరించే 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 కంపనాల వ్యవధే ఒక సెకను.

మన దేశంలో ఈ ప్రమాణాన్ని నిర్వహించే బాధ్యత న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. అయినప్పటికీ అనేక వ్యవస్థలు జీపీఎస్ వంటి విదేశీ ఉపగ్రహాల సమయంపైనే ఆధారపడుతున్నాయి. వాణిజ్య, పాలనా వ్యవహారాలలో భారత ప్రామాణిక కాలమానాన్నే తప్పనిసరి చేయాలని కేంద్రం 2025 జనవరిలో ముసాయిదా నిబంధనలు ప్రతిపాదించింది. బ్యాంకు లావాదేవీలలో ఏది ముందు, ఏది తరువాత అన్న వివాదం తలెత్తితే తీర్పు చెప్పవలసింది గడియారమే. అందుచేత నిబంధన ఒక్కటే చాలదు. ఢిల్లీ సమయం దేశం నలుమూలలకూ నేరుగా అందే ఏర్పాటు కావాలి.