ఊరి కళ్లు తూచే బరువు మనకెందుకు?

మన దగ్గర ఆడవాళ్ల బరువు తూచడానికి త్రాసు అక్కర్లేదు, చూసేవాళ్ల కళ్లు చాలు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు "పిల్ల బక్కగుంది" అంటారు. అదే పిల్లను కాన్పయి ఆరు నెలలు తిరక్కుండానే "ఇంత దొడ్డుగైనవేంది" అంటారు. వికారాబాద్‌లో ఏ పేరంటానికి వెళ్లినా, తాండూరులో ఏ పెళ్లి పందిట్లో కూర్చున్నా కుశల ప్రశ్న కంటే ముందు ఈ మాటే వినపడుతుంది. అనేవాళ్లకు మన ఎత్తు తెలియదు, బరువు తెలియదు, అయినా తీర్పు చెప్పేస్తారు. మనమేమో ఆ తీర్పు పట్టుకుని రాత్రి అన్నం మానేస్తాం, లేదంటే ఎవరో అమ్మే పొడి డబ్బా కొనేస్తాం. ఇకనైనా ఆ కళ్లను పక్కన పెట్టి, మన లెక్క మనమే కట్టుకోవాలంటాను నేను.

లెక్క చాలా చిన్నది. దాన్నే బీఎంఐ అంటారు. కిలోల్లో మన బరువును, మీటర్లలో మన ఎత్తుతో ఒకసారి భాగించి, వచ్చినదాన్ని మళ్లీ అదే ఎత్తుతో భాగించాలి. ఐదడుగుల ఒక అంగుళం ఎత్తున్న ఆవిడ 58 కిలోలు ఉందనుకుందాం. ఆ ఎత్తు 1.55 మీటర్లు. ఫోన్‌లో 58ని 1.55తో రెండుసార్లు భాగిస్తే 24 పైచిలుకు వస్తుంది. పప్పులో పోపు వేసినంత సేపు కూడా పట్టదు.

ఇప్పుడు ఆ 24 మంచిదా, చెడ్డదా? గోడ మీది పాత చార్టుల్లో 18.5 నుంచి 25 లోపు మామూలే అని ఉంటుంది. అది ప్రపంచమంతటికీ పెట్టిన హద్దు. మన ఒళ్లు వేరు. అదే బీఎంఐ ఉన్న తెల్లవాళ్లతో పోలిస్తే మనకు కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట దగ్గర. షుగరు మనకు ముందే వస్తుంది. అందుకే 2009లో మన దేశపు డాక్టర్లు కూర్చుని 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని హద్దు కిందికి దించారు. ఆ లెక్కన మన 1.55 మీటర్ల ఆవిడకు సరైన బరువు సుమారు 45 నుంచి 55 కిలోలు. "నీకేమైంది, నిండుగా ఉన్నావు" అన్న మెప్పు ఆవిడను కాపాడదు.

"బీఎంఐ ఒట్టి దండగ, కండకూ కొవ్వుకూ తేడా తెలియదు దానికి" అనేవాళ్లున్నారు. ఆ మాట నిజమే. 1830ల్లో ఈ సూత్రం కట్టిన క్వెటెలె బెల్జియం గణితవేత్త, డాక్టరు కాదు. ఆయన చూసింది జనసమూహాలను, ఒక్కొక్కరి ఆరోగ్యాన్ని కాదు. దానికి బీఎంఐ అన్న పేరు 1972లో ఆన్సెల్ కీస్ పెట్టాడు. తాండూరు నాపరాయి గనుల్లో బండలు మోసే ఆవిడకూ, రోజంతా కుర్చీలో కూర్చునే ఆవిడకూ ఒకే అంకె రావచ్చు. కానీ దానికి విరుగుడు లెక్క మానేయడం కాదు, ఇంకో కొలత కలపడం. జాకెట్లు కుట్టే టేపు తీసుకుని, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, ఊపిరి వదిలాక చుట్టుకొలత చూసుకోండి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటకూడదు. గర్భిణులకు ఈ లెక్కలు వర్తించవు. ఎదిగే పిల్లలకు వయసును బట్టి వేరే పట్టికలున్నాయి, పదమూడేళ్ల పిల్లను ఈ అంకెతో బెదిరించకండి.

సమస్య లావుదే అనుకుంటే సగమే చూసినట్టు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 30 మంది అధిక బరువు, దాదాపు 19 మంది ఉండాల్సిన దానికంటే తక్కువ. ఆ 30 కూడా 25 హద్దుతో లెక్కించినదే. రక్తహీనత ఉన్నవాళ్లు నూటికి 57 పైనే. అంటే లావుగా ఉన్నవాళ్లలోనూ రక్తం లేనివాళ్లున్నారన్నమాట. కడుపు నిండుతోంది, ఒంటికి కావలసింది అందడం లేదు.

ఇది మన పళ్లెం సంగతి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ ఆ పప్పు ఇంట్లో ఎవరికి ఎంత పడుతోంది? మగవాళ్లకూ పిల్లలకూ వడ్డించాక గిన్నె అడుగున మిగిలిన నీళ్ల పప్పు మనకు. దానికి తోడు, పారేయలేక తినే పొద్దుటి అన్నం. అన్నం రెండింతలు, పప్పు గరిటెడు. ఒకరు దీనితోనే లావెక్కుతారు, ఇంకొకరు చిక్కిపోతారు. ఇద్దరినీ ఊరే తప్పు పడుతుంది, వడ్డన తీరును మాత్రం ఎవరూ తప్పు పట్టరు.

ఇంకొక మాట. "సన్నవడ్డవ్, మంచిగున్నవ్" అన్న పొగడ్తకు మురిసిపోకండి. ప్రయత్నించకుండా బరువు తగ్గడం అందం కాదు, హెచ్చరిక. షుగరు కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, క్షయ కావచ్చు. నిజాం కాలం నాటి క్షయ ఆసుపత్రి అనంతగిరి కొండ మీద ఉండగా, ఈ సంగతి మనకు ఇంకొకరు చెప్పాలా? బరువు తగ్గుతూ రెండు వారాలకు మించి దగ్గు ఉంటే సర్కారు దవాఖానాలో పరీక్ష ఉచితం. మెచ్చుకునేవాళ్ల మాట నమ్మి ఆగకండి.

కాబట్టి నెలకొకసారి, ఒకే త్రాసు మీద, పొద్దున్నే బరువు చూసుకుని కేలండర్‌లో రాసుకోండి. పాల లెక్క రాసే చోటే ఇదీ రాయండి. అంకె హద్దు దాటినా, హద్దుకు దిగువనున్నా డాక్టరుకు చూపించండి. పప్పు, గుడ్డు, జొన్నరొట్టె అందరితో పాటు కూర్చుని, అందరితో సమానంగా వడ్డించుకోండి. ఎవరైనా "దొడ్డుగైనవ్" అంటే, "నా లెక్క నాకు తెలుసు, నీ లెక్క నువ్వు కట్టుకున్నావా అక్కా?" అని నవ్వుతూ అడగండి.