పేరు మనది, రిసార్ట్ వాళ్లది

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. చివర్ల మీ సలహా అడుగుతున్న.

నేను వైరాలో హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మొన్న ఆదివారం రిజర్వాయర్ కట్ట మీద కూర్చున్నప్పుడు మా సీనియర్ అన్న ఒకాయన వీడియో కాల్ చేసిండు. ఆయన అండమాన్‌ల, హావ్‌లాక్ దీవిలో ఒక రిసార్ట్ కిచెన్‌ల పనిచేస్తున్నడు. ఫోన్ తిప్పి సముద్రం చూపించిండు. నీలం నీళ్లు, తెల్ల ఇసుక. మా రూమ్‌మేట్స్ అందరూ నోరు తెరిచి చూసిన్రు. నాకూ పోవాలనిపించింది, అబద్ధం ఎందుకు. నేను ఇంతవరకు సముద్రం చూడలేదు.

ఆ రాత్రి ఆ దీవి గురించి చదివిన. 2018 డిసెంబర్‌లో దాని పేరు స్వరాజ్ ద్వీప్ అని మార్చారు. దేశ విభజన తర్వాత తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులకు ప్రభుత్వం అక్కడ భూములు ఇచ్చింది. వాళ్లు వరి, కొబ్బరి, పోక పెంచుకుని బతికారు. అక్కడి రాధానగర్ బీచ్‌ను 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే మేటి బీచ్ అని రాసింది. ఇప్పుడు ఆ చిన్న దీవి నిండా రిసార్టులు, స్కూబా డైవింగ్ షాపులు, అద్దె స్కూటీలు. మన తెలుగోళ్లూ అండమాన్‌లో తక్కువేం లేరు. 2011 లెక్కల ప్రకారం అక్కడ పది మందిలో ఒకరికి పైగా మాతృభాష తెలుగే.

మరి ఆ దీవులు అసలు ఎవరివి? అక్కడ జారవా అనే ఆదివాసులు ఉన్నారు. మొత్తం కలిపి కొన్ని వందల మందే. వాళ్ల అడవి మధ్య నుంచి అండమాన్ ట్రంక్ రోడ్డు వేశారు. బారాటాంగ్ గుహలు చూడటానికి టూరిస్టు బండ్లు ఆ రోడ్డు మీదే పోయేవి. గుహలకంటే ఎక్కువ, దారిలో జారవాలు కనపడతారేమోనని చూసేవాళ్లు. తిండి ఆశచూపి ఆడవాళ్లతో డాన్స్ చేయించిన వీడియో 2012 జనవరిలో బయటికొచ్చింది. 2013లో సుప్రీంకోర్టు కొన్నాళ్లు టూరిస్టులను ఆ దారిన పోకుండా ఆపింది కూడా. అది చదివి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే అది నాకు కొత్త కాదు.

పోయిన సంవత్సరం సెలవుల్లో పాపికొండల బోట్లకు టిఫిన్ డబ్బాలు, నీళ్ల కేసులు మోసే పనికి పోయిన. ఒకాయన నా పక్కన నిలబడి "నువ్వు ట్రైబలా? ఏదీ, మీ డాన్స్ ఒక స్టెప్పు వెయ్యి" అని ఫోన్ తీసిండు. నవ్వి పక్కకు జరిగిన. ఇప్పటికీ ఆ నవ్వు ఎందుకు నవ్విన్నా అని సిగ్గయితది. అక్కడ పేరంటాలపల్లిలో కొండరెడ్లు వెదురుతో పూలు, బొమ్మలు చేసి అమ్ముతారు. టూరిస్టు వాటికి బేరమాడతడు, బోటు టికెట్‌కు ఆడడు. మన బొంగులో చికెన్ హైదరాబాద్ హోటళ్ల మెనూలకెక్కింది. ఆ లాభంలో మన గూడేలకు ఎంత వచ్చిందో మీకే తెలుసు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన వారం మా నాయిన ఫోన్ చేసిండు. మా ఊరు కిన్నెరసాని వైపు. డ్యామ్, మధ్యల దీవులు, అద్దాల మేడ, జింకల పార్కు చూడటానికి ఆదివారాలు జనం బాగా వస్తరు. టౌన్ నుంచి ఒకాయన మా ఇంటికొచ్చి, రోడ్డు పక్కనున్న మా ఎకరంన్నరలో కాటేజీలు కడతనన్నడట. భూమి నాయిన పేరు మీదే ఉంటదట, లైసెన్సూ నాయిన పేరుతోనే. పెట్టుబడి ఆయనది. ఏడాదికి ఇంత అని ఇస్తడట. "సంతకం పెట్టమంటవా బిడ్డా?" అని నాయిన అడిగిండు. చెల్లె నర్సింగ్ చదువుతనంటుంది. ఫీజు ఎట్లా అన్నదే ఆయన బాధ.

నేను వద్దన్న. ఎందుకో చెప్తా.

1959 భూ బదలాయింపు చట్టాన్ని 1970లో సవరించారు. అదే మనం 1/70 అంటం. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు పోవద్దు. అమ్మకమే కాదు, తాకట్టు, కౌలు కూడా అందులోకే వస్తయి. అందుకే వాళ్లకు మన భూమి ఒక్కటే చాలదు, మన పేరు కూడా కావాలి. కాగితం మీద ఓనర్ నాయిన. రేపు అప్పు ఎగ్గొడితే బ్యాంకు నోటీసు వచ్చేది నాయినకు. పర్మిషన్ లేదని కేసయితే స్టేషన్‌కు పోయేది నాయిన. లాభం మాత్రం టౌన్‌కు పోతది. 1997లో సమత తీర్పులో సుప్రీంకోర్టు, ఏజెన్సీలో సర్కారు భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటోళ్లకు లీజుకు ఇవ్వొద్దన్నది. అంత పెద్ద తీర్పు మన చేతిలో పెట్టుకుని, మనమే ఇంట్ల కూర్చుని సంతకం పెడితే ఎట్లా?

"టూరిజం వద్దంటే మన పిల్లలకు పని ఎక్కడిది?" అని కొందరు అన్నలు అడుగుతరు. నిజమే. తునికాకు, పోడు మీద ఇల్లు గడవదు. నేను టూరిస్టులు రావొద్దు అంటలేను. టికెట్ పుస్తకం ఎవరి చేతిలో ఉందని అడుగుతున్న. బోటు నడిపేది, గైడ్‌గా పోయేది, వండి పెట్టేది మనోళ్లే అయి, లెక్క సంఘం పుస్తకంలో రాస్తే నేనే ముందు నిలబడి పనిచేస్త. పెసా చట్టం వచ్చి 1996 నుంచి ఇన్నేండ్లయింది. మన ఊర్ల ఎన్ని గ్రామసభల్లో కాటేజీల గురించి, బోటింగ్ పైసల గురించి చర్చ జరిగింది? అడిగేది మనమే. భద్రాచలం ఐటీడీఏకు సంఘంగా దరఖాస్తు పెట్టేదీ మనమే. డిగ్రీ చదివి దరఖాస్తు కూడా రాయకపోతే ఈ చదువెందుకు?

నాయిన ఇంకా ఏం తేల్చలేదు. "నువ్వు వద్దన్నవ్, ఫీజు మాత్రం ఎవరు కడతరు?" అన్నడు. నా దగ్గర జవాబు లేదు. చెల్లె స్కాలర్‌షిప్‌కు అప్లై చేస్తున్నం, సెలవుల్లో నేను మళ్లీ పనికి పోత. మీ ఊర్లల్ల ఇట్లా పేరు అరువిచ్చినోళ్లు ఉంటే వాళ్లకు తర్వాత ఏమైందో ఇక్కడ రాయండి. పేర్లు రాయకండి, జరిగింది రాయండి చాలు. అవి మా నాయినకు చదివి వినిపిస్త. నా మాట కంటే మీ అనుభవమే ఎక్కువ నమ్ముతడు.

తప్పు మాట్లాడితే తమ్ముడనుకుని సరిదిద్దండి. జై ఆదివాసీ.